మూడో కొలత

మా మండలాఫీసులో ఫైలు కదలదని జనం ఎప్పుడూ అనేవాళ్లు. పోయిన ఏడు అది ప్రభుత్వ ఉత్తర్వు అయింది. ఫైలు కదలకూడదు. కదిపినవాళ్ల మీద చర్య ఉంటుంది.

ఆ ఉత్తర్వుకి కొద్ది రోజుల ముందే నేను ఒక ఫైలు కదపమని అర్జీ పెట్టుకున్నాను. అందులో నా భార్య ఫోటో ఉంది.

నా భార్య పేరు అంకమ్మ. ఫోటో అంటే చేటతో ముఖం కప్పుకునే మనిషి. మా పెళ్లి ఫోటోలు తుఫానులో తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే ఆమె ముఖం ఉండాల్సిన చోట నా భుజం మిగిలింది. గుర్తింపు కార్డు మీద ఉన్నది ఎవరైనా కావచ్చు. నేనూ కావచ్చు. సరైన ఫోటో ఒక్కటే. ఇళ్ల స్థలం దరఖాస్తు కోసం స్టూడియోలో తీయించింది. స్టూడియో అతను "కదలకమ్మా, కదలకమ్మా" అంటుంటే, "నేనేమన్నా పారిపోతన్నానా?" అని నవ్వింది. ఆ నవ్వే పడింది. ఒక్క కాపీ చాలని అతనితో బేరమాడి, ఒక్కటే తెచ్చి దరఖాస్తుకి గుచ్చింది.

ఆఫీసువాళ్లు దరఖాస్తు మీద ఇలా రాశారు: "దరఖాస్తుదారు ఫోటోలో నవ్వుచున్నది. కారణము తెలుపవలెను."

ఆమె కారణం తెలపలేదు. స్థలం రాలేదు. ఫైలు అరలోకి పోయింది. ఆ అర్జీకి ముందు వచ్చిన శ్రావణంలో అంకమ్మ పోయింది. ఏడాది నాటికి గోడకి ఒక ఫోటో ఉండాలి. నాకు కావలసింది అంతే.

సెక్షను గుమాస్తా విమలాకరం దగ్గరికి వెళ్లాను. ఆయన ముందున్న బల్ల కంటే కాస్త మెత్తగా ఉండేవాడు. అంతకు మించి తేడా కనిపించేది కాదు.

"ఫోటో ఇప్పించండయ్యా."

"ఏ ఫోటో?"

"నవ్వే ఫోటో."

"కారణం తెలిపారా?"

"ఆమె చచ్చిపోయిందండీ."

విమలాకరం తేదీలు సరిచూశాడు. "అది కారణం కాదు. అది నవ్విన తర్వాత జరిగింది."

చివరికి దారి చెప్పాడు. ఫైలు అర నుంచి ఆయన బల్ల మీదికి రావాలి. అక్కడి నుంచి తహసీల్దారు చక్రధరరావు గారి బల్ల మీదికి వెళ్లాలి. ఆయన సంతకం చేస్తే ఫోటో ఊడదీసి ఇస్తారు. అర నుంచి బల్లకి నాలుగు అడుగులు. "సోమవారం కదుపుతాను" అన్నాడు.

సోమవారం నాడు కెమెరా వచ్చింది.

ఆఫీసు ముందు పెద్ద వ్యాను ఆగి ఉంది. దాని మీద "త్రిమితి మిషన్: మీ ముందూ, మీ వెనకా, మీ పక్కనా" అని రాసి ఉంది. దాంట్లోంచి రాజధాని డైరెక్టరు నిరంజన ప్రసాద్ దిగాడు. వరండాలో నిలబడి మాకందరికీ ఉపన్యాసం ఇచ్చాడు.

"మిత్రులారా! ఇంతకాలం ప్రభుత్వం ప్రజలను చదునుగా చూసింది. ఇకమీదట మందంగా చూస్తుంది. మామూలు ఫోటోకు పొడవు ఉంది, వెడల్పు ఉంది. మూడో కొలత లేదు. మనిషికి వీపు ఉందని అది రుజువు చేయగలదా? చేయలేదు. మన రికార్డుల్లో ఉన్న పౌరులందరూ ముందువైపు మాత్రమే ఉన్న పౌరులు. ఇది సిగ్గుచేటు."

మేం ఒకరి వీపు ఒకరం చూసుకున్నాం.

తర్వాత కెమెరా సంగతి చెప్పాడు. లేజరు వెలుగుని రెండుగా చీలుస్తారు. ఒకటి వస్తువు మీద పడి తిరిగొస్తుంది. రెండోది నేరుగా గాజు పలక మీదికి వస్తుంది. రెండూ అక్కడ కలుసుకుని, కంటికి కనిపించని గీతలు గీస్తాయి. ఆ గీతలే బొమ్మ. తర్వాత ఆ పలక మీద దీపం వేస్తే గది గదిలాగే కనిపిస్తుంది. తల పక్కకి వంచితే వస్తువు పక్క కనిపిస్తుంది. మునివేళ్ల మీద లేస్తే పైభాగం కనిపిస్తుంది.

"చేత్తో పట్టుకోబోతే మటుకు ఏమీ దొరకదు" అన్నాడు డైరెక్టరు.

"పథకం మనదేరా" అన్నారు వెనకనుంచి ఎవరో.

ఒకటే షరతు. తీసేటప్పుడు ఏదీ కదలకూడదు. వెంట్రుక మందంలో వందో వంతు కదిలినా గీతలు చెరిగిపోతాయి. కదిలిన చోట నలుపు పడుతుంది.

"అందుకని రాష్ట్రమంతా కంపనాలు కొలిచాం" అన్నాడు. "కొండ గుహల్లో కొలిచాం. మూసేసిన గనుల్లో కొలిచాం. ఎక్కడో ఒకచోట సూది వణికింది. పని వేళల్లో సూది వణకని స్థలం రాష్ట్రంలో ఒక్కటే దొరికింది. ఈ ఆఫీసు."

తహసీల్దారు చక్రధరరావు చేతులు జోడించాడు. "ఇది సిబ్బంది సమష్టి కృషి ఫలితం."

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు అంటించారు. "సదరు కార్యాలయమందలి అరలు, ఫైళ్లు, కుర్చీలు, సిబ్బంది చిత్రీకరణ పూర్తియగు వరకు యథాస్థితిలో ఉండవలెను."

విమలాకరాన్ని అడిగాను. "అయ్యా, నా ఫైలు?"

"ఇదివరకు కదపలేదంటే అది మా నిర్లక్ష్యం" అన్నాడు. "ఇప్పుడు కదపడం లేదంటే అది మా విధి." జీవితంలో మొదటిసారి ఆ మనిషి ముఖంలో తృప్తి చూశాను.

తర్వాత నెలలన్నీ సన్నాహమే. ముందు ఫ్యాన్లు ఆపారు. తర్వాత పక్క వీధి పిండిమర ఆపారు. బస్సులు ఊరి బయటినుంచే తిప్పి పంపారు. దుక్కి దున్నిన ఒక రైతుకి "భూమిని కదిలించినందుకు" నోటీసు వచ్చింది. వజ్రాల శేషయ్య కూతురి పెళ్లి ఊరేగింపు బాజాలు లేకుండా, అందరూ చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద సాగింది. చూసినవాళ్లు పెళ్లికొడుకు కోళ్లు పట్టడానికి వచ్చాడనుకున్నారు.

ఆఫీసులో ఒక యంత్రం పెట్టారు. ఎవరు కదిలినా అది కూస్తుంది. మొదటి వారం అది కూయలేదు. పాడైందని మెకానిక్కుని పిలిపించారు. అతను గడప దాటగానే కూసింది. బాగానే ఉందని తేలింది.

అర్జీల్లో "కదపండి", "కదిలించండి", "కదలిక" అనే మాటలు నిషేధించారు. ఒకరోజు ఒక ముసలమ్మ మొగుడి మరణ పత్రం కోసం వచ్చి, తహసీల్దారు ముందు నేల మీద కూలబడి ఏడ్చింది.

"అయ్యా, ఇంత ఏడిసినా మీ మనసు కదలదా?"

"కదలదమ్మా" అన్నాడు చక్రధరరావు. "ఉత్తర్వు ఉంది."

రిపబ్లిక్ డేకి విమలాకరానికి "అచల రత్న" బిరుదు ఇచ్చారు. అందుకోవడానికి ఆయన లేవలేదు. లేస్తే బిరుదు పోతుంది. పతకం ఆయన చెయ్యి అందనంత దూరంలో బల్ల మీద పెట్టి వెళ్లారు. అది అక్కడే ఉండిపోయింది.

ఆ ఆఫీసులో ప్రాణమున్నవాడు ఒక్కడే. మస్తాన్ అని బంట్రోతు. వాళ్లమ్మా అంకమ్మా మిరపకాయల కల్లంలో కలిసి పనిచేశారు. వాడు నన్ను టీ బంకు దగ్గర పట్టుకున్నాడు.

"బాబాయ్, నీ ఫైలు చూశా. సారు కుర్చీ ఎనకమాల, మూడో అర. ఎర్ర దారం కట్టుంది. పిన్నమ్మ ఫోటో గుండుసూదికి ఏలాడతా, అంచు బయటికి వచ్చుంది. రెండు ఏళ్లతో లాగితే వచ్చుద్ది."

"లాగరా."

"ఉజ్జోగం పోద్దేమో."

"పోతే?"

వాడు నా ముఖం చూశాడు. "పిన్నమ్మ నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందిలే" అని లేచి వెళ్లాడు.

వాడు అంగుళం అంగుళం జరుగుతూ మూడో అర దాకా వెళ్లాడట. చెయ్యి ఎత్తాడట. యంత్రం కూసింది.

మెమో ఇచ్చారు. "విధి నిర్వహణలో తమరు కదిలినట్లు యంత్రము నమోదు చేసినది. కదులుటకు గల కారణము తెలుపవలెను." మస్తాన్ పెన్ను తీసుకుని కింద రాశాడు: "ప్రాణం ఉన్నందువల్ల."

సమాధానం సంతృప్తికరంగా లేదని సస్పెండు చేశారు.

"పోన్లే బాబాయ్" అన్నాడు మస్తాన్. "ఫోటో మటుకు అక్కడే ఉంది. నేను కళ్లారా చూశా. నవ్వు కనపళ్లా, అంచే కనపడింది."

"ఇంకెన్నాళ్లులేరా" అన్నాను. "బొమ్మ తీయడం అయిపోతే ఫైలు కదలచ్చు గదా."

నేను నిజంగానే అలా నమ్మాను. చదువుకున్నది ఊరి బడిలో.

చిత్రీకరణ రోజు వచ్చింది. తలుపంత గాజు పలకని హాలు మధ్య నిలబెట్టారు. సిబ్బంది ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చున్నారు. రిహార్సలు అక్కర్లేదన్నారు. చక్రధరరావు కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆయన కుర్చీ వీపుకి నల్ల కోటు ఎప్పటిలాగే వేలాడుతోంది. ఆ కోటు ఆయన వేసుకోగా ఎవరూ చూడలేదు. ఆయన ఆఫీసులో లేనప్పుడు ఉన్నాడని చూపించడానికి అది ఉంటుంది. ఉన్నప్పుడు కూడా తీసేవాళ్లు కాదు.

మమ్మల్ని రోడ్డు మీద గొంతుకూర్చోమన్నారు. దగ్గు వచ్చేవాళ్లని ట్రాక్టర్లెక్కించి పక్క ఊరికి పంపేశారు. తలుపులు వేశారు. అరగంట సేపు మా ఊళ్లో కాకి కూడా అరవలేదు. దాన్ని ఎలా ఒప్పించారో నాకు తెలియదు.

పలక కడిగి, ఆరబెట్టి, దీపం వేశారు. కిటికీలోంచి నేనూ చూశాను.

అద్భుతంగా వచ్చింది. అరలు అరల్లాగే ఉన్నాయి. ఫైళ్ల మీద దుమ్ము వేలితో గీస్తే గీత పడేలా ఉంది. బల్ల మీద విమలాకరం పతకం మెరుస్తోంది. కుర్చీల కోళ్లకి పట్టిన చెద కూడా మూడు కొలతల్లో ఉంది. మనుషులే లేరు. మనిషి కూర్చున్న ప్రతిచోటా మనిషి ఆకారంలో నల్లటి బొక్క ఉంది.

చక్రధరరావు చాలాసేపు చూశాడు. "నేనెక్కడ?"

"ఆ నలుపు మీరే సార్" అన్నాడు డైరెక్టరు.

"నేను కదలలేదే! ముప్పయ్యేళ్ల సర్వీసులో నామీద అట్లాంటి ఆరోపణ లేదు."

"ఊపిరి పీల్చారు సార్. ఛాతీ కదిలింది."

విమలాకరం కూడా నలుపే. పతకం పక్కన అచల రత్న ఆకారంలో బొక్క. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా కదలడమే కాబట్టి తుడుచుకోలేదు.

"కోటు మటుకు బ్రహ్మాండంగా వచ్చింది సార్" అన్నారెవరో.

నిజమే. గుండీలు లెక్కపెట్టచ్చు.

డైరెక్టరు కాసేపు గోళ్లు కొరుక్కున్నాడు. తర్వాత ముఖం వెలిగింది. "ఇది వైఫల్యం కాదు మిత్రులారా! కార్యాలయానికి ఏది శాశ్వతమో, ఏది తాత్కాలికమో కెమెరా తేల్చి చెప్పింది." రాజధానికి నివేదిక వెళ్లింది. "సామగ్రి: సంపూర్ణము. సిబ్బంది: కనిపించలేదు. పనికి అంతరాయము: లేదు." వారం తిరక్కుండా జవాబొచ్చింది. ఇకమీదట హాజరు కోట్లకే వేస్తారు. కోటు లేనివాళ్లు తువ్వాలు వేయవచ్చు.

ఊళ్లో మర మళ్లీ తిరిగింది. బస్సులొచ్చాయి. ఏడాదికి ఇంకా నాలుగు రోజులుంది. ఆఫీసుకి వెళ్లాను.

అరలు ఖాళీగా ఉన్నాయి.

ఒక్క కాగితం లేదు. దుమ్ములో ఫైళ్లున్న చోట గళ్లు గళ్లుగా తెల్లగా కనిపిస్తోంది. హాలు మధ్య గాజు పలక నిలబడి ఉంది. కుర్చీల మీద కోట్లు, తువ్వాళ్లు ఉన్నాయి. ఆవేళ ఎందుకో మనుషులు కూడా ఉన్నారు. డైరెక్టరు ఎవరికో పలక చూపిస్తున్నాడు.

"ఫైళ్లేవండీ?" అన్నాను.

"మూడు కొలతల రికార్డు ఉండగా చదును కాగితాలు దేనికి?" అన్నాడు విమలాకరం. "రద్దు చేశాం. పొద్దున లారీ వచ్చింది."

"యాడికి పోయింది లారీ?"

"అట్టల ఫ్యాక్టరీకి. ఈపాటికి గుజ్జు అయుంటుంది."

నేను గుమ్మం వైపు తిరిగాను.

"కంగారెందుకు? మీ ఫైలు ఎక్కడికీ పోలేదు." ఆయన కూర్చున్నచోటి నుంచే టార్చి నా వైపు దొర్లించాడు. "చూసుకోండి."

పలక మీదికి టార్చి వేశాను. గది లోపల గది కనిపించింది. చక్రధరరావు నలుపు వెనక మూడో అరలో, ఎర్ర దారంతో, నా ఫైలు. ముడి కూడా తెలుస్తోంది. చెయ్యి చాస్తే అందేలా ఉంది.

"తెరవండి" అన్నాను.

"ఏది?"

"ఫైలు."

విమలాకరం డైరెక్టరు వైపు చూశాడు. డైరెక్టరు దయగా నవ్వాడు. "పెద్దాయనా, మీరు వంగి చూడవచ్చు. లేచి చూడవచ్చు. అటునుంచీ ఇటునుంచీ చూడవచ్చు. ఏ రాజ్యంలోనూ అర్జీదారుకి ఇంత స్వేచ్ఛ లేదు. తెరవడం అనేది మాత్రం మూడు కొలతల్లో లేదు."

"ఫోటో లోపల ఉందండీ."

"లోపల ఉందనే మేమూ ధ్రువీకరిస్తున్నాం. నాలుగో కొలతకి ప్రతిపాదన పంపాం. మంజూరు కాగానే కబురు చేస్తాం."

నేను పలక కుడి అంచుకి జరిగాను. తల వంచి, పక్కకి ఒరిగి చూశాను. అక్కడినుంచి చూస్తే ఫైళ్ల పక్కలు కనిపిస్తున్నాయి. ఎర్ర దారం పక్కన, అట్టల మధ్యనుంచి, సన్నటి తెల్లటి గీత బయటికి వచ్చి ఉంది. గోరు అంచు అంత. మస్తాన్ చెప్పింది అదే.

చెయ్యి చాచాను. గాజు తగిలింది. ఇంకొంచెం చాచాను.

పలక వెనక్కి వాలి నేలమీద పడి ముక్కలైంది.

ఆ ఆఫీసులో అందరూ ఒక్కసారి లేచి నిలబడటం అప్పుడే చూశాను. విమలాకరం కూడా లేచాడు. యంత్రం కూత ఆగలేదు. చక్రధరరావు "పోలీసులు! పోలీసులు!" అని అరిచాడు. డైరెక్టరు మోకాళ్ల మీద కూలబడి ఒక ముక్క చేతిలోకి తీసుకుని, ఏడుపు ముఖంతో దానిమీద టార్చి వేశాడు.

ఏడుపు ఆగిపోయింది. ఇంకో ముక్క తీశాడు. ఇంకోటి తీశాడు.

"సార్! ప్రతి ముక్కలోనూ మొత్తం ఆఫీసు ఉంది!"

నిజంగానే ఉంది. ఈ రకం బొమ్మ పగిలితే సగం సగం అవదు. ప్రతి ముక్కలోనూ గది మొత్తం కనిపిస్తుంది. కాకపోతే ఆ ముక్క ఉన్న చోటినుంచి ఎలా కనిపిస్తుందో అలా. కిటికీ చిన్నదైపోయినట్టు.

"ఒక్క ఆఫీసు ఇన్ని ఆఫీసులైంది!" డైరెక్టరు ముక్క పైకెత్తాడు. "దీన్నే వికేంద్రీకరణ అంటారు!"

చక్రధరరావు పోలీసుల సంగతి మర్చిపోయాడు. అక్కడికక్కడే తీర్మానం రాశారు. జిల్లాలో ప్రతి మండలానికీ ఒక ముక్క. ముక్క ఉన్నచోట ఆఫీసు ఉన్నట్టే. నామీద కేసు పెడితే పలక పగిలిందని ఒప్పుకోవాలి కాబట్టి, "వికేంద్రీకరణకు చేయూతనిచ్చిన పౌరుడు" అని నా పేరు రాసుకున్నారు.

కుడి అంచు ముక్క ఒక్కటి అందరూ వద్దన్నారు. దాంట్లోంచి చూస్తే అరల పక్కలే కనిపిస్తున్నాయి. కోటు కనిపించడం లేదు.

"అది నాకివ్వండి" అన్నాను.

"మీ అర్జీలో కోరింది ఫోటో" అన్నాడు విమలాకరం.

"అందులో ఉంది."

ఆయనకి ఆ మాట నచ్చింది. "అయితే అర్జీ పరిష్కరించబడినది అని రాస్తాను." పెన్ను తీసి, ఆగాడు. "దరఖాస్తుదారు నవ్వుటకు కారణం మాత్రం ఇంకా పెండింగులో ఉంది."

"రాసుకోండి" అన్నాను. "మీరు ఇట్టా అడుగుతారని ఆమెకి ముందే తెలుసు."

ఆయన రాసుకున్నాడు.

ఏడాది నాడు ఆ గాజుముక్కని గోడకి తగిలించాను. పొడవూ వెడల్పూ గుజ్జులో పోయాయి. మూడోది నాకు దక్కింది. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక, మధ్యలో పెట్టాను. బంతిపూల దండ వేశాను. మస్తాన్ ఆకులు వేసి వడ్డిస్తున్నాడు. అంకమ్మ చెల్లెలు చిట్టెమ్మ వచ్చి, చెంగుతో చేతులు తుడుచుకుంటూ గోడ ముందు నిలబడింది.

"ఏంది బావా ఇది? అక్క ఫోటో ఏది?"

టార్చి చేతికిచ్చాను. వేసి చూసింది.

"ఏముందీంట్లో? అరలు కనపడతన్నయ్."

"మూడో అర చూడు. ఎర్ర దారం."

"ఆఁ. ఫైలు."

"దాని పక్కన తెల్లగా గీత ఉంటది."

చిట్టెమ్మ ముఖం దగ్గరికి పెట్టింది. "ఉంది. వెంట్రుకంత. ఏంది బావా అది?"

"మీ అక్క."

ఆమె టార్చి కదపకుండా చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఎట్టుంది?" అని అడిగింది.

"నవ్వతా ఉంది" అన్నాను. "ఇటునుంచి కనపడదు."